కేసు తీసేశారు, సారీ కూడా చెప్పారు: కోచ్ మీద జాతివివక్ష ఆరోపణను ఎలా అర్థం చేసుకోవాలి?

చిత్తూరు, తిరుపతి వైపు ఐపీఎల్ అభిమానం ఒక్క జట్టుది కాదు. చెన్నై దగ్గర కాబట్టి పసుపు జెర్సీలు ఎక్కువ కనిపిస్తాయి. పలమనేరు దాటి బెంగళూరు దారి పట్టేకొద్దీ ఆర్‌సీబీ పేరు గట్టిగా వినిపిస్తుంది. సన్‌రైజర్స్ ఎలాగూ మనదే అనుకుంటాం. ముంబై ఇండియన్స్‌కి సచిన్ కాలం నుంచీ ఇక్కడ ఒక వర్గం ఉంది. 2022లో మన తెలుగు కుర్రాడు తిలక్ వర్మ ఆ జట్టులోకి వచ్చాక అది ఇంకా పెరిగింది.

అదే ఏడాది సెప్టెంబరు 16న ముంబై జట్టు తన కొత్త హెడ్ కోచ్‌గా దక్షిణాఫ్రికా మాజీ వికెట్ కీపర్ మార్క్ బౌచర్‌ని ప్రకటించింది. అంతకు నాలుగు నెలల ముందు దాకా ఆయన మీద జాతివివక్షకు సంబంధించిన అభియోగాలు నడుస్తున్నాయి. వాటిని పెట్టిన దక్షిణాఫ్రికా బోర్డే వెనక్కి తీసుకుంది. ఇక టీ కొట్టు దగ్గర వాదన మొదలైంది. "కేసే తీసేసినారు కదన్నా, ఇంకేముంది మాట్లాడేదానికి?" అని ఒకరు. "తప్పు చేయకపోతే సారీ ఎందుకు చెప్పినాడప్పా మరి?" అని ఇంకొకరు.

విషయం ఏమిటంటే, ఇద్దరూ చెప్పింది నిజమే. కేసు తీసేశారు. ఆయన సారీ కూడా చెప్పారు. అయినా వాదన తెగలేదు. బౌచర్ 2023, 2024 సీజన్లు చేసి వెళ్లిపోయారు, ఆయన స్థానంలోకి మళ్లీ జయవర్ధనే వచ్చారు. ప్రశ్న మాత్రం అలాగే ఉంది. కోచ్‌లు తరచూ మారుతుంటారు. ఎవరో ఒకరి గతంలోంచి ఏదో ఒకటి బయటికొస్తూనే ఉంటుంది. అప్పుడు మనం దేని గురించి మాట్లాడుతున్నామో ముందు విడదీసుకోకపోతే, ఎంతసేపు వాదించినా ఒకరి మాట ఒకరికి తగలదు.

దక్షిణాఫ్రికాలో ఏం జరిగింది

వర్ణవివక్ష పాలన వల్ల దక్షిణాఫ్రికా 1970 నుంచి 1991 దాకా అంతర్జాతీయ క్రికెట్‌కి దూరమైంది. తిరిగి వచ్చాక ఆడిన మొదటి వన్డే మన ఈడెన్ గార్డెన్స్‌లోనే, 1991 నవంబరు 10న. చట్టం మారింది కానీ డ్రెస్సింగ్ రూమ్ అంత తొందరగా మారలేదు. తెల్లవాళ్లే ఎక్కువగా ఉన్న ఆ జట్టులోకి 1995లో పాల్ ఆడమ్స్ అనే మిశ్రమ జాతి ఎడమచేతి స్పిన్నర్ వచ్చాడు. బంతి వదిలేటప్పుడు తల దాదాపు నేల వైపు తిరిగిపోయే అతని యాక్షన్ ఆ కాలంలో క్రికెట్ చూసినవాళ్లెవరూ మరిచిపోరు. 1997లో బౌచర్ వచ్చారు. టెస్టుల్లో 555 మందిని ఔట్ చేసిన కీపింగ్ రికార్డు ఆయనది.

2020లో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత దక్షిణాఫ్రికాలోనూ నల్లజాతి, మిశ్రమ జాతి మాజీ ఆటగాళ్లు తమ అనుభవాలు బయటపెట్టడం మొదలుపెట్టారు. బోర్డు ఒక విచారణ ఏర్పాటు చేసింది. సీనియర్ న్యాయవాది డుమిసా ఎన్‌సెబెజా దానికి పెద్ద. 2021 జులైలో ఆడమ్స్ అక్కడ సాక్ష్యం చెప్పాడు. గెలిచాక జట్టంతా కూర్చుని ఒకరినొకరు ఆటపట్టించుకునే ఫైన్స్ మీటింగుల్లో తన చర్మం రంగును మలంతో కలిపి పేరు పెట్టి పాట పాడేవారని చెప్పాడు. పాడినవాళ్లలో బౌచర్ కూడా ఉన్నాడన్నాడు.

ఆగస్టులో బౌచర్ తన వివరణ రాసి ఇచ్చారు. ఆ పేరు తాను పెట్టలేదన్నారు. పాట పాడినవాళ్లలో తానూ ఉన్నానని ఒప్పుకున్నారు. బేషరతుగా క్షమాపణ కోరారు. వర్ణవివక్ష మిగిల్చిన గాయాలతో ఎలా మెలగాలో ఆ రోజుల్లో ఆటగాళ్లకు ఎవరూ నేర్పలేదని కూడా అన్నారు.

డిసెంబరులో వచ్చిన నివేదిక బౌచర్‌తో పాటు మరికొందరి ప్రవర్తనను తప్పుపట్టింది. అయితే అవి తాత్కాలిక అభిప్రాయాలేనని, ఖాయంగా తేల్చాలంటే మరో ప్రక్రియ కావాలని ఎన్‌సెబెజా స్వయంగా రాశారు. బోర్డు 2022 జనవరిలో, అప్పటికి జాతీయ జట్టు కోచ్‌గా ఉన్న బౌచర్ మీద క్రమశిక్షణ అభియోగాలు పెట్టి, ఉద్యోగం నుంచి తీసేయాలని కోరింది. ఆయన కోచింగ్‌లో దక్షిణాఫ్రికా మన మీద 2-1తో టెస్ట్ సిరీస్ గెలిచి వారం కూడా కాలేదప్పటికి. మే నెలలో, విచారణకు కొద్ది రోజుల ముందు, సాక్ష్యం చెప్పలేనని ఆడమ్స్ తప్పుకున్నాడు. తన బాధ ఒక్క బౌచర్ గురించో ఫలానా మనిషి గురించో కాదని, అప్పటి జట్టు వాతావరణం గురించని అన్నాడు. బౌచర్ దగ్గర అసిస్టెంట్ కోచ్‌గా పనిచేసిన ఎనోక్ ఎన్‌క్వే కూడా సాక్ష్యానికి ముందుకు రాలేదు. ఈ అభియోగాలు నిలబడేవి కావని బోర్డే ప్రకటించి ఉపసంహరించుకుంది.

ఆరోపణ దగ్గర్నుంచి తీర్పు దాకా మధ్యలో ఏముంటుంది

ఫలానా వ్యక్తి నాకిలా చేశాడని ఒకరు చెప్పడం ఆరోపణ. అధికారం ఉన్న సంస్థ దాన్ని పరిశీలించి, ఈ నియమం మీరావని కాగితం మీద రాసి ఇవ్వడం అభియోగం. రెండు వైపులా విని తేల్చడం తీర్పు. ఇంతవరకు అందరికీ తెలిసిందే. తికమక పడేది ముగింపు దగ్గర, ఎందుకంటే ముగింపులు నాలుగైదు రకాలు.

విచారించి తప్పు రుజువైందనవచ్చు. విచారించి నిర్దోషి అనవచ్చు. విచారించినా రుజువు చాలలేదనవచ్చు. అసలు విచారణే జరగకుండా కేసు ఆగిపోవచ్చు. బౌచర్‌ది ఈ చివరి రకం. "క్లీన్ చిట్ వచ్చింది" అన్నా తప్పే, "దోషి తప్పించుకున్నాడు" అన్నా తప్పే. ఆ గదిలో కూర్చుని ఇద్దరి మాటా విని తేల్చినవాళ్లు ఎవరూ లేరు.

పక్కనే దక్షిణాఫ్రికా మాజీ కెప్టెన్ గ్రేమ్ స్మిత్‌ని పెట్టి చూస్తే తేడా బాగా తెలుస్తుంది. అదే నివేదికలో ఆయన పేరూ ఉంది. కానీ ఆయన వ్యవహారం మధ్యవర్తుల ముందుకు వెళ్లింది. వాళ్లు విని, 2022 ఏప్రిల్‌లో జాతివివక్ష ఆరోపణలు నిలవవని తేల్చారు. బయటి నుంచి చూస్తే ఇద్దరి కథా "ఏమీ తేలలేదు" అన్నట్టే ఉంటుంది. నిజానికి ఒకరి విషయంలో తేలింది, ఇంకొకరి విషయంలో ఆగిపోయింది.

రుజువు ఎంత ఉంటే చాలు

తిరుపతిలో ఒక క్రికెట్ అకాడమీ ఉందనుకుందాం. చంద్రగిరి నుంచి వచ్చే పదిహేడేళ్ల కుర్రాడు, నెట్స్‌లో కోచ్ తనని రంగు పేరు పెట్టి అవమానించాడని రెండుసార్లు జరిగిన సంగతి చెప్పాడు. కోచ్ అలా అనలేదంటున్నాడు. తోటి కుర్రాడొకడు ఒకసారి తన చెవులతో విన్నానన్నాడు. మరొకడు అక్కడే ఉన్నా వినలేదన్నాడు.

ఇది క్రిమినల్ కోర్టుకి వెళ్తే సందేహానికి తావు లేనంత రుజువు కావాలి. వినలేదన్న కుర్రాడి మాట ఒక్కటే కేసుని బలహీనపరచవచ్చు. అదే అకాడమీ కమిటీ కూర్చుంటే కొలత వేరు. జరిగి ఉండే అవకాశం ఎక్కువా, జరగకపోయే అవకాశం ఎక్కువా అని చూస్తారు. నూటికి యాభై ఒక్క పాళ్లు ఇటు మొగ్గితే చాలు. ఇద్దరు పిల్లల మాటలు ఒకదానికొకటి సరిపోతే కమిటీ నమ్మవచ్చు. ఇక పిల్లవాడి తండ్రికి ఈ రెండు కొలతలూ అక్కర్లేదు. ఆయన రేపే కొడుకుని వేరే అకాడమీలో చేర్చవచ్చు. అంతమాత్రాన కోచ్ దోషి అని ఊరంతా చాటే హక్కు ఆయనకు వచ్చేయదు. కోర్టు కొట్టేసింది కాబట్టి కుర్రాడు అబద్ధాలకోరు అనే హక్కు కోచ్ తరఫువాళ్లకూ రాదు.

ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ కౌంటీ క్రికెట్ క్లబ్ వ్యవహారం ఇలాగే నడిచింది. ఆ జట్టుకి ఆడిన అజీమ్ రఫీక్ 2021 నవంబరులో బ్రిటన్ పార్లమెంటు కమిటీ ముందు తన అనుభవాలు చెప్పాడు. 2023 మార్చిలో క్రమశిక్షణ ప్యానెల్ యాభై ఒక్క పాళ్ల కొలతతోనే విచారించి, కొందరు మాజీ ఆటగాళ్ల మీద అభియోగాల్లో కొన్ని రుజువయ్యాయంది. ఇంగ్లండ్ మాజీ కెప్టెన్ మైకేల్ వాన్ 2009లో ఫలానా మాట అన్నాడన్నది మాత్రం రుజువు కాలేదంది. రఫీక్ చెప్పిన మిగతా సంగతులు దీనివల్ల చెల్లకుండా పోవని కూడా స్పష్టం చేసింది. ఒకే ఫిర్యాదుదారు, ఒకే ప్యానెల్, మనిషిని బట్టి వేర్వేరు ఫలితాలు. ఆ ఏడాది జులైలో కౌంటీకి 4 లక్షల పౌండ్ల జరిమానా, ఛాంపియన్‌షిప్‌లో 48 పాయింట్ల కోత పడ్డాయి. రఫీక్ కూడా 2011లో యూదులను కించపరుస్తూ పంపిన మెసేజీలు బయటపడితే క్షమాపణ చెప్పాడు. బాధితుడు మచ్చలేనివాడై ఉండాలన్న నియమం లేదు. అతనికి మచ్చ ఉన్నంత మాత్రాన అతనికి జరిగింది జరగకుండా పోదు.

తొందరపడితే ఎవరు నష్టపోతారు

ఆరోపణ వచ్చిన వెంటనే పీకేయాలన్న మాటకు ఎదురుగా నిలిచే ఉదాహరణలు ఉన్నాయి, వాటినీ అంతే శ్రద్ధగా చూడాలి.

ఫ్రెంచ్ ఫుట్‌బాల్ కోచ్ క్రిస్టోఫ్ గాల్టియర్ పారిస్ క్లబ్ పీఎస్‌జీకి కోచ్‌గా ఉండగా 2023 ఏప్రిల్‌లో ఒక పాత ఈమెయిల్ బయటికొచ్చింది. అంతకుముందు నీస్ క్లబ్‌లో పనిచేసినప్పుడు జట్టులో నల్లజాతి, ముస్లిం ఆటగాళ్లు ఎక్కువయ్యారని ఆయన అన్నట్టు అక్కడి డైరెక్టర్ రాసిన ఈమెయిల్ అది. గాల్టియర్ మొదటి నుంచీ కాదన్నారు. జులైలో పీఎస్‌జీ ఆయనని మార్చేసింది. డిసెంబరులో నీస్ కోర్టులో విచారణ జరిగింది. ప్రాసిక్యూషన్ ఏడాది సస్పెండెడ్ జైలుశిక్ష, 45 వేల యూరోల జరిమానా అడిగింది. డిసెంబరు 21న కోర్టు నిర్దోషిగా వదిలేసింది. ఏప్రిల్‌లో ఆయన పేరు చూసినంతమంది డిసెంబరు తీర్పు చూశారా అంటే, చూడలేదనే నా అనుమానం.

యార్క్‌షైర్ కోచ్ ఆండ్రూ గేల్ కథ ఇంకా చిక్కుది. 2021 డిసెంబరులో క్లబ్ ఆయనతో సహా 16 మంది సిబ్బందిని ఒక్కసారిగా తీసేసింది. ఆ తొలగింపు అన్యాయంగా జరిగిందని 2022లో ఉద్యోగుల ట్రైబ్యునల్ తేల్చింది. అదే గేల్ మీద అభియోగాలు రుజువయ్యాయని 2023లో క్రమశిక్షణ ప్యానెల్ తేల్చింది. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టుకోవు. ఆయన తప్పు చేశాడా అన్నది ఒక ప్రశ్న, ఆయనను తీసేసిన పద్ధతి సరైందా అన్నది ఇంకో ప్రశ్న. నిప్పు లేనిదే పొగ రాదని మనం సులువుగా అనేస్తాం. ఆ సామెతతో ఒకరి ఉద్యోగం తీసేయకూడదని చెప్పడానికి ఈ రెండు ఉదాహరణలు చాలు.

"ప్రేమతోనే కదా పిలిచేది"

ఇంతవరకు అన్నీ పరాయి ఊళ్ల సంగతులు. బౌచర్ కేసులో అసలు చిక్కు పాట, పేరు, నవ్వు. అది మనకు చాలా దగ్గరిది.

ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్‌లో ఒక సాయంత్రం టెన్నిస్ బాల్ మ్యాచ్ చూస్తున్నాను. పొడుగ్గా, నల్లగా ఉన్న కుర్రాడు బౌలింగ్‌కి వచ్చాడు. "కర్రోడా, స్లో వెయ్ రా" అని కీపర్ అరిచాడు. కుర్రాడు నవ్వుతూనే పరిగెత్తి బంతి వేశాడు. గట్టు మీద ఫోన్లో స్కోరు కొడుతున్న పిల్లవాడి పక్కన కూర్చుని చూస్తే, ఆ బౌలర్ పేరు "బ్లాకీ" అని ఉంది. అసలు పేరేంటి అని అడిగాను. వాడు కాసేపు ఆలోచించి, ఇంకొకడిని అడిగి చెప్పాడు. ఎవరి మనసులోనూ ద్వేషం లేదక్కడ. ఔట్ చేసినప్పుడు ఆ కుర్రాడినే భుజాల మీద ఎత్తుకున్నారు. కానీ మిగతా పదిమందికీ పేర్లున్నాయి.

నల్లోడు, కర్రోడు, అరవం కలిసే చిత్తూరులో కరుప్పు. ఏడుకొండలవాడి నల్లరాతి రూపానికి చేతులెత్తి మొక్కే ఊళ్లలోనే ఈ పిలుపులు. సొంత తల్లి నోట ఇదే మాట వస్తే అందులో ముద్దుంటుంది, కాదనను. తిట్టే ఉద్దేశం లేదు కాబట్టి దీన్ని జాతివివక్ష అనడం గోరంతను కొండంత చేయడమేనని వాదించేవాళ్ల దగ్గర ఈ అనుభవం ఉంది. వెస్టిండీస్ మాజీ కెప్టెన్ డారెన్ సామీ విషయంలో కూడా కొంతవరకు అదే తేలింది. సన్‌రైజర్స్ హైదరాబాద్‌కి ఆడిన రోజుల్లో తనని, శ్రీలంక ఆటగాడు తిసారా పెరీరాని "కాలూ" అని పిలిచేవారని 2020 జూన్‌లో సామీ బయటపెట్టాడు. ఆ రోజుల్లో దాని అర్థం బలమైనవాడనుకున్నానన్నాడు. అసలు అర్థం తెలిశాక కోపం వచ్చిందన్నాడు. కొద్ది రోజులకు, పిలిచినవాళ్లలో ఒకరు ఫోన్ చేశారని, ప్రేమతోనే అన్నామన్న మాట నమ్ముతున్నానని చెప్పి ముగించాడు.

రెండో వైపు వాదన ఉద్దేశం దగ్గర ఆగదు. కాదనే వీలు ఆ మనిషికి ఉందా అని అడుగుతుంది. దేశానికి ఆడుతున్నానన్న సంతోషంలో అప్పట్లో ఆ పేరుని పట్టించుకోలేదని ఆడమ్స్ చెప్పాడు. నిన్ను అలా ఎందుకు పిలుస్తున్నారు, ఎలా పిలవనిస్తున్నారు అని అతని భార్య, అప్పటికింకా ప్రియురాలు, అడిగాకే ఆలోచన మొదలైందట. జట్టులో చోటు పోగొట్టుకోవాలని ఎవరికుంటుంది? పదకొండు మంది నవ్వుతుంటే పన్నెండోవాడు ముఖం మాడ్చుకుని కూర్చోలేడు. తమిళనాడు ఓపెనర్ అభినవ్ ముకుంద్ చిన్నప్పటి నుంచీ తన రంగు మీద విన్న మాటల గురించి 2017 ఆగస్టులో రాశాడు. అప్పటికి అతను భారత టెస్ట్ జట్టులో ఉన్నాడు. అక్కడిదాకా ఎదిగితే తప్ప ఆ మాట పైకి అనలేకపోయాడు.

నాకు రెండో వాదనే బలంగా కనిపిస్తుంది. పిలిచేవాడి మనసు పిలిచేవాడికే తెలుస్తుంది. దాన్ని కొలతగా పెట్టుకుంటే పడినవాడి మాటకు విలువ లేకుండా పోతుంది. శిక్ష వేసేటప్పుడు ఉద్దేశం చూడాలి. తప్పు జరిగిందా లేదా అన్నప్పుడు అది సరిపోదు.

మన చట్టం ఒక్క విషయంలో దీన్ని గట్టిగా పట్టుకుంది. ఎస్సీ, ఎస్టీ వ్యక్తిని జనం ముందు అవమానించాలనే కులం పేరుతో దూషిస్తే 1989 చట్టం కింద నేరం. అయితే నాలుగు గోడల మధ్య, బయటివాళ్లు ఎవరూ లేనిచోట అన్న మాట ఆ సెక్షన్ కిందికి రాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. డ్రెస్సింగ్ రూమ్‌లో జరిగేవి బయట ఎందుకు తేలవో దీన్నిబట్టి ఊహించవచ్చు. అక్కడ ఉండేవాళ్లంతా జట్టువాళ్లే. సాక్షి కావాలంటే వాళ్లలోంచే రావాలి.

సారీ చెబితే ఒప్పుకున్నట్టేనా

ఒక్కోసారి అవును, ఒక్కోసారి కాదు. బౌచర్ క్షమాపణలో రెండు భాగాలు కలిసి ఉన్నాయి. పాడడం వరకు ఒప్పుకోలు ఉంది. ఆ పేరు పెట్టడం, జాతిని బట్టి తక్కువ చేసి చూడడం అన్నవాటి దగ్గర ఒప్పుకోలు లేదు. "తప్పు చేయకపోతే సారీ ఎందుకు" అన్న అభిమాని మొదటి భాగాన్ని పట్టుకున్నాడు. "కేసు తీసేశారు కదా" అన్నవాడు రెండోదాన్ని.

మనవాడైతే ఒక లెక్క, పరాయివాడైతే ఒక లెక్క

2008 జనవరి, సిడ్నీ. ఆండ్రూ సైమండ్స్‌ని హర్భజన్ కోతి అన్నాడని ఆస్ట్రేలియా ఫిర్యాదు. రిఫరీ మూడు టెస్టుల నిషేధం వేస్తే, అప్పీలులో న్యూజిలాండ్ జడ్జి జాన్ హాన్సెన్ రుజువు చాలదని అది ఎత్తేసి, దూషణ కింద మ్యాచ్ ఫీజులో సగం జరిమానాతో సరిపెట్టారు. ఇక్కడ మనలో చాలామందికి విచారణ అవసరమే కనిపించలేదు, సైమండ్స్ అబద్ధమాడాడని తేల్చేసుకున్నాం. మూడు నెలల ముందు ముంబై మ్యాచ్‌లో మన ప్రేక్షకులు కొందరు అదే సైమండ్స్ వైపు కోతి చేష్టలు చేస్తూ ఫొటోల్లో దొరికిన సంగతి మరిచిపోయాం. ఫిబ్రవరి ఐపీఎల్ వేలంలో అప్పటి హైదరాబాద్ జట్టు డెక్కన్ ఛార్జర్స్ 13.5 లక్షల డాలర్లకు అతన్ని కొనుక్కున్నాక మళ్లీ మనమే చప్పట్లు కొట్టాం. 2011లో సైమండ్స్, హర్భజన్ ఇద్దరూ ఒకే జట్టు జెర్సీ వేసుకున్నారు. అది ముంబై ఇండియన్స్.

2021 జనవరిలో అదే సిడ్నీలో బౌండరీ దగ్గర నిలబడ్డ మన సిరాజ్‌ని గుంపులోంచి తిట్టారు. అతను అంపైర్ల దగ్గరికి వెళ్లి చెప్పాడు, ఆట ఆగింది, ఆరుగురిని బయటికి పంపారు. మన ఆటగాళ్ల మీద జాతి దూషణ జరిగిందని క్రికెట్ ఆస్ట్రేలియా తర్వాత ధ్రువీకరించింది. దూషించింది మాత్రం ఆ ఆరుగురు కాదంది. ఆ రోజు సిరాజ్ మాటే మనకు రుజువు. సైమండ్స్ మాట రుజువుగా సరిపోలేదు. ఆ రెండుసార్లూ మన తీర్పుని నిర్ణయించింది సాక్ష్యం కాదు.

కొత్త కోచ్ విషయంలో అభిమానులు తీసుకునే దారులు కూడా ఇందుకే వేరవుతాయి. కోచ్‌ని నచ్చకపోయినా జట్టుని వదలనివాళ్లు ఉంటారు, ఎందుకంటే వాళ్ల అనుబంధం తిలక్‌తోనో రోహిత్‌తోనో. ఉద్యోగమిచ్చింది యాజమాన్యం కాబట్టి జవాబు వాళ్లే చెప్పాలనేవాళ్లు ఉంటారు. ఇది నేరం గురించి కాదు, పందొమ్మిదేళ్ల పిల్లల్ని ఎవరి చేతిలో పెడుతున్నామన్నదాని గురించి అనేవాళ్ల మాటలోనూ బలముంది. కోచ్ అంటే డ్రెస్సింగ్ రూమ్ వాతావరణాన్ని తయారుచేసేవాడు, ఆడమ్స్ ఫిర్యాదు కూడా ఆ వాతావరణం గురించే. అయితే ఇరవై ఏళ్ల కిందటి ఆటగాడు, ఇప్పటి కోచ్ ఒకే మనిషిగా మిగిలి ఉండాలని లేదన్నది కూడా కొట్టిపారేయదగ్గ మాట కాదు. దానికి సాక్ష్యం ఆయన జట్టులో ఆడిన కుర్రాళ్ల దగ్గర ఉంటుంది, ఇరవై ఏళ్ల కిందటి ఫైలులో ఉండదు.

దక్షిణాఫ్రికా బోర్డు చేతిలో ఉన్నది ఒక ఉద్యోగి మీద క్రమశిక్షణ ప్రక్రియ. దానితో ఒక మనిషిని విచారించగలరు కానీ ఆ రోజుల్లో పాట పాడిన గదిని మొత్తంగా విచారించలేరు. ఆడమ్స్ తప్పుకున్నది సరిగ్గా అక్కడే. 2021లో అతను చెప్పిన సాక్ష్యం మాత్రం నివేదికలో చెక్కుచెదరకుండా ఉంది. పాట పాడలేదని బౌచర్ అనలేదు. తన మాట వెనక్కి తీసుకుంటున్నానని ఆడమ్స్ కూడా అనలేదు.